కడిగి పెట్టిన సాంపిళ్లు

భీమవరంలో నేను పనిచేసే ల్యాబుకు ఊళ్లు సీసాల్లో వస్తాయి. రొయ్యల చెరువు నీళ్లు, చెరువు అడుగు మట్టి, రొయ్యల మేత, అప్పుడప్పుడు కోళ్ల దాణా, పశువుల దాణా. జీవాలకు వాడిన యాంటీబయాటిక్ మందులు వీటిలో ఎక్కడైనా మిగిలాయేమో పట్టుకోవడం నా ఉద్యోగం. ఇన్నేళ్లలో సీసాల మీద ఎన్ని ఊళ్ల పేర్లు చదివానో లెక్కలేదు, వాటిలో ఒక్క ఊరి మొహం కూడా చూడలేదు. సాంపిళ్లు తెచ్చే మనిషి వేరే ఉంటాడు. ఎండలో తిరిగేది అతను, ఏసీలో కూర్చుని అతను తెచ్చింది బాగాలేదని విసుక్కునేది నేను.

ఈ వానాకాలం మొదట్లో ఆ మనిషి పెళ్లి చేసుకుని సెలవు మీద వెళ్లాడు. సరిగ్గా అప్పుడే జహీరాబాద్ దగ్గరి పల్లె నుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఆడవాళ్లు నడుపుకునే పాలకేంద్రం ఒకటుంది. పాలలో మందు కనబడిందని పాల కంపెనీ కొనడం ఆపేసింది. ఆ మందు దాణాలోంచి వస్తోందా, నీళ్లలోంచా, నేలలోంచా అన్నది తేల్చాలి. మరొక్కసారి మాత్రం పాలు పరీక్షిస్తారట. అప్పుడూ మందు ఉంటే కేంద్రానికి తాళమే.

"నువ్వే వెళ్లిరా అమ్మా, పని నీకు తెలుసుగా" అన్నారు మా ల్యాబు పెద్దాయన. నాకు తెలిసింది సీసా మూత తీసిన తర్వాతి పని. అది ఆయనకు గుర్తు రాలేదు, నేనూ గుర్తు చేయలేదు.

బయల్దేరే ముందు మా అత్తయ్య చక్కిలాలు, ఆవకాయ, చేగోడీలు సర్ది, వసారాలోని నీలం డ్రమ్ములోంచి పెద్ద బాటిల్ నిండా నీళ్లు పట్టి ఇచ్చారు. "పైఊరి నీళ్లు నీకు పడవు. ఇవి అయ్యేదాకా ఇంకేవీ ముట్టుకోకు" అన్నారు. మా అత్తయ్యకు శుభ్రం పిచ్చి. బజారు నుంచి తెచ్చిన సబ్బును కూడా ఒకసారి కడిగి వాడతారు.

జహీరాబాద్‌లో పొద్దున్నే ఖిచ్డీ

పొద్దున లేవగానే ఇడ్లీయో పెసరట్టో కనబడకపోతే మా వైపు వాళ్లకు తెల్లవారినట్టుండదు. జహీరాబాద్ బస్టాండు ఎదుట టీ హోటల్లో టిఫిన్ ఏముందని అడిగితే "ఖిచ్డీ, ఖట్టా, ఖీమా" అన్నాడు. పసుపుపచ్చని ఖిచ్డీ మీద నువ్వుల పులుసు, అదే ఖట్టా, పోసి, పక్కన ఖీమా పెట్టాడు. పొద్దున ఏడింటికి మాంసమా అని బిడియపడుతూనే మొదలుపెట్టి, ప్లేటు ఖాళీ అయ్యాక ఇంకో గరిటె ఖట్టా అడిగాను. టీ చిన్న కప్పే గాని చిక్కదనం చూస్తే చెంచాతో తినాలనిపించింది. మా ఊరి రేటుకి రెండు మూడు రూపాయలు ఎక్కువే, ఆ చిక్కదనానికి ఇవ్వచ్చు. నీళ్లు మాత్రం మా అత్తయ్య బాటిల్‌వే తాగాను. హోటల్ వాళ్ల గ్లాసును నేను పక్కకు జరిపిన తీరు నాకే గొప్పగా అనిపించింది.

నా దగ్గర పెద్ద థర్మోకోల్ పెట్టె ఉంది, సాంపిళ్లు చల్లగా తీసుకెళ్లడానికి. ఆటో నడిపే యూసుఫ్ భాయ్ దాన్ని చూసి ఆగాడు. తెల్ల గడ్డం, అద్దాలు లేని కళ్లజోడు ఫ్రేము. అద్దాలు పగిలాయట, ఫ్రేము అలవాటైపోయిందట.

"కుల్ఫీ నా మేడం?"

కాదు, దాణాలో నీళ్లలో మందులున్నాయో లేదో చూసే పని అని చెప్పాను.

"అచ్ఛా! ఏదాంట్లనైనా మందు దొర్కవడ్తరా? మరి మా అమ్మీ పొద్దుగాల బీపీ గోలీ మింగిందో లేదో జర చూసి చెప్పున్రి. నేను అడిగితె మింగిన అంటది, గోలీలేమో మంచం కింద దొర్కుతయి."

ఐసు పలకలు గడ్డకట్టించుకోవడానికి ఒక ఫ్రిజ్ కావాలన్నాను. "ఫికర్ చెయ్యకున్రి, మా ఇంట్ల ఉన్నది. మా ఇంటామె షాహీన్ సంభాలిస్తది" అన్నాడు. అలా ఆ మూడు రోజులూ ప్రభుత్వ లెక్కల్లో లేని ఒక శీతల గిడ్డంగి షాహీన్ బీ చేతిలో నడిచింది. నా ఐసు పలకలు ఆమె ఖీమా పొట్లాల పక్కన చల్లబడ్డాయి.

ఝరాసంగం దారి

నేను వెళ్లాల్సిన పల్లె ఝరాసంగం దారిలో ఉంది. యూసుఫ్ భాయ్ ఆటో నా ఒక్కదాని కోసం కదల్లేదు. నిండింది, ఆ తర్వాత మళ్లీ నిండింది. చివరికి ఎక్కిన ఒక ముసలావిడ నా పెట్టె మీద కూర్చుంది. పగులుతుందమ్మా అంటే, "నేనేం అంత బరువు లేను తీయ్" అని సర్దుకుని కూర్చుంది. నా పక్కనాయన ఒక ఫోనులో కన్నడం, ఇంకో ఫోనులో మరాఠీ, మాతో తెలుగు మాట్లాడుతూ మూడింట్లోనూ ఒకే అల్లం ధర గురించి బాధపడుతున్నాడు.

"ఏ ఊరు బిడ్డా?" అంది పెట్టె మీది ముసలావిడ.

"భీమవరం."

ఆటో అంతా ఒక్కసారి పెట్టె వైపు చూసింది. "రొయ్యలా?"

ఖాళీ పెట్టె అని చెప్పాను. భీమవరం మనిషి, ఐసు పెట్టె, అందులో రొయ్యలు లేవంటే ఎవరు నమ్ముతారు! అల్లం ఆయన కిలో ఎంతకిస్తావని గుట్టుగా అడిగాడు. ముసలావిడ దిగేటప్పుడు పెట్టెను వాసన చూసి, "దాస్తున్నది" అని తీర్పు చెప్పి వెళ్లింది.

మా వైపు ఎటు చూసినా నీళ్లు, నీళ్ల మధ్య గట్లు. ఇక్కడ ఎర్రమట్టి, వాన కోసం మొహం పైకెత్తుకున్న చేలు. ఒకే చేలో జొన్న, కంది, పెసర, ఇంకా నాకు పేరు తెలియనివి కలిసి మొలుస్తున్నాయి. మేం ఒకే పంట వేసి అది పోతే అందరం కలిసి ఏడుస్తాం. వీళ్లు ఒకటి పోయినా ఇంకొకటి ఉండేలా విత్తనం వేసేటప్పుడే చూసుకుంటారు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

చంద్రమ్మ వాకిలి

పాలకేంద్రం నడిపేది చంద్రమ్మ. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది. ఇంటింటికీ తిరిగి, బర్రెలు కట్టండి, పాలు పొయ్యండి, మన డబ్బు మనకుంటుంది అని ఆడవాళ్లను కూడగట్టింది ఆమే. అందుకే పాలు వెనక్కొచ్చిన రోజు నుంచి ఊళ్లో తల ఎత్తుకోలేకపోతోంది. మేం గేదెలంటాం, వాళ్లు బర్రెలంటారు. రెండిటి చూపూ ఒకటే, మన మీద ఏ నమ్మకమూ లేని చూపు.

"చంద్రమ్మగారూ" అని పిలిచాను.

"గారు ఏంది బిడ్డా, ఎవర్నో పిలిచినట్టున్నది. పెద్దమ్మా అను, సాలు" అని వాకిట్లో పట్టా పరిచి కూర్చోబెట్టింది.

వెంటనే టీ వచ్చింది. ఆ ఊరి పాలతో పెట్టిన టీ. ఏ పాలలో మందు ఉందని నేను అంత దూరం నుంచి వచ్చానో, ఆ పాలే. వాకిలి నిండా ఆడవాళ్లు నిలబడి నా చేతిలోని గ్లాసునే చూస్తున్నారు. వద్దంటే తీర్పు చెప్పేసినట్టే. తాగితే నా చదువు నన్ను చూసి నవ్వుతుంది. మందు ఉన్నా ఒక్క టీతో ఏమీ కాదని లోపల సర్దిచెప్పుకుని, గటగటా తాగేశాను. వాకిలంతా ఊపిరి వదిలింది. ఆ సంతోషంలో చంద్రమ్మ ఇంకో గ్లాసు నింపింది. తర్వాత పాలకోవా. కంపెనీ కొనని పాలు ఊరంతా ఏం చేసుకోవాలో తెలియక పెరుగు, నెయ్యి, కోవా చేసి ఒకరికొకరు పెట్టుకుంటున్నారు. వచ్చిన చుట్టాలు పారిపోతున్నారట.

ఏమేం కావాలో నేను ముందుగానే ఫోన్ చేసి చెప్పి ఉన్నాను. బర్రెలకు పెట్టే దాణా, అవి తాగే కుడితి, బోరు నీళ్లు, పెంట కుప్పలోంచి కొంచెం ఎరువు, చేలో మట్టి. అలా ముందు చెప్పడమే నేను చేసిన మొదటి పొరపాటు.

చంద్రమ్మ లోపలి నుంచి సాంపిళ్లు పట్టించుకొచ్చింది. తెల్లగుడ్డ పరిచి, తళతళలాడే స్టీలు డబ్బాలు వరసగా పెట్టారు. మూతల మీద కుంకుమ బొట్లు కూడా పెట్టారు. చూస్తే పెళ్లి సారెలా ఉంది. దాణా చాటలో చెరిగి, రాళ్లేరి పెట్టారు. కుడితి పలుచని గుడ్డలో వడగట్టారు. బోరు నీళ్ల బదులు ఫిల్టర్ నీళ్ల క్యాను ఉంది, పక్కనే గ్లాసు. ఎరువు జల్లెడ పట్టి ఉంది. మట్టి అయితే ముగ్గుపిండి అంత మెత్తగా ఉంది. కొట్టంలోకి తొంగి చూస్తే కుడితి తొట్టి చింతపండు, బూడిద వేసి తోమినట్టు మెరుస్తోంది. బర్రెల కొమ్ములకు నూనె రాశారు. వాటికి కూడా ఇది పెళ్లిచూపులని అర్థమైనట్టే ఉంది.

"పెద్దమ్మా, రోజూ పెట్టే దాణా ఇదేనా?"

"రోజు పెట్టేది నీకెట్ల ఇస్తం బిడ్డా? అంత దూరంకెళ్లి వచ్చినవ్. ఇది కొత్త బస్తా ఇప్పి తీసినం. అందరిండ్లకు దీంట్లకెళ్లే పంచిన."

అంటే ఆ వరసలో ఉన్న దాణా డబ్బాలన్నీ ఒకే బస్తా. నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. నవ్వే బయటికి వచ్చింది, లేకపోతే ఆ ఊళ్లో నా పని అక్కడితో ముగిసేది.

ఇది పరీక్ష పెద్దమ్మా, మురికే కావాలి, ఉన్నది ఉన్నట్టే కావాలి అని బతిమాలాను. "దవాఖానలో రక్తం ఇచ్చేటప్పుడు కడిగి ఇస్తామా? మన బదులు బాగున్నవాళ్ల రక్తం ఇస్తామా?"

మూలన బీడీ కాలుస్తున్న చంద్రమ్మ భర్త మొగులయ్య అందుకున్నాడు. "మా అన్న ఇచ్చిండు మేడం. షుగర్ టెస్టుకు పోయినప్పుడు ఆయనది బాగుండదేమోనని నా ఉచ్చ పట్టుకపోయిండు. గప్పుడే తెలిసింది, షుగర్ నాకున్నదని."

వాకిలంతా నవ్వింది. మొగులయ్య మాత్రం నవ్వలేదు. అప్పటి నుంచి ఆయనకు టీలో చక్కెర లేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చి పులుసు పెట్టారు. రొట్టెలు చేత్తో తట్టే చప్పుడు వింటూ ఉంటే ఆకలి రెండింతలయింది. అన్నం లేకుండా భోజనం ముగిసిందని మా ఊళ్లో చెబితే జాలిపడతారు. నాకు మాత్రం అన్నం గుర్తే రాలేదు. గోడ అవతల నుంచి ఒకామె తొంగి చూస్తుంటే ఎవరని అడిగాను. చంద్రమ్మ మొహం తిప్పుకుంది.

"ఈరమ్మ. మాటల్లేవు. దాని బర్రెకు సూది ఏపిచ్చి, ఆ పాలే కేంద్రంల పోస్తున్నది. నా అనుమానం అదే" అని మెల్లగా అంది. చిన్నప్పటి నుంచి కలిసి కూలికి పోయినవాళ్లట. పాలు వెనక్కొచ్చాక ఒకరి వాకిలి ఒకరు తొక్కలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆ పెద్ద గొంతు నాకు కూడా సరిగా వినబడలేదు.

"కేంద్రం పోతే పోనీ అనుకుందునేమో బిడ్డా. వీళ్లందర్ని నా మాట మీదనే దించిన. రేపు వీళ్లకు నా మొఖం ఎట్ల సూపియ్యాలె?"

ఆ స్టీలు డబ్బాల్లోంచి దీనికి జవాబు రాదని నాకు తెలుసు.

రెండో రోజు, కుడితి తొట్టి

మర్నాడు మబ్బుగా ఉంది. దారిలో మా అత్తయ్య ఇచ్చిన నీళ్లు అయిపోయాయి. ఇక ఏ నీళ్లయితే ఏమిటని చంద్రమ్మ కుండలోవే తాగాను.

ముందురోజు రాత్రి బసకు జహీరాబాద్ వెళ్లేటప్పుడు ఒకటే మాట తీసుకున్నాను. నేనొస్తానని మర్చిపోండి, ఏదీ కడగొద్దు, ఊడవొద్దు, రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి అని. చంద్రమ్మకు అది ఎంత కష్టమైందో వాకిలి చూస్తేనే తెలిసింది. సగం ఊడ్చి, గుర్తొచ్చి ఆపేసినట్టుంది.

కొట్టంలో తొట్టి ఇప్పుడు తొట్టిలా ఉంది. బియ్యం కడుగు, తవుడు, నిన్నటి గంజి, నా కంటికి ఎంతో ముద్దుగా ఉంది. సీసాలు నింపుకున్నాను. పెంట కుప్ప నిజమైన వాసన కొట్టింది. బోరు నీళ్లు బోరులోంచే వచ్చాయి. పని సజావుగా సాగుతోందని మురిసిపోతుండగా వాన మొదలైంది.

మొగులయ్య బొంబాయి రోడ్డు మీది చిరాగ్‌పల్లి నుంచి తిరిగొచ్చాడు. తల మీద ప్లాస్టిక్ సంచిని ముసుగులా మడిచి వేసుకున్నాడు, చంకలో అలాంటి ఖాళీ సంచుల కట్ట. ముసుగు సంచి మీద ఎర్ర జుట్టుతో కోడిబొమ్మ ఉంది.

"కోళ్ల ఫారంల అగ్గువకు ఇస్తరు బిడ్డా" అంది చంద్రమ్మ. "వానల్ల అందరికి కావాలె. గడ్డి మీద కప్పుతం, ఇల్లు కురిస్తె పైన ఏస్తం, దాణా పోసుకుంటం. ఇగో, నువ్వు కూసున్నది గూడ గవ్వే కుట్టింది."

లేచి చూసుకున్నాను. కిందటి రోజంతా నేను కూర్చుని టీ తాగిన పట్టా నిండా కోడిబొమ్మలు. కొట్టం తలుపుకు తెరగా ఒక కోడి, దాణా బస్తా మీద ఒక కోడి, గడ్డివాము మీద కోళ్ల గుంపు. అంతసేపూ నేను చూస్తూనే ఉన్నాను, ఒక్కటీ కంట్లో పడలేదు.

నేనింకా కోళ్లను చూస్తుండగానే చంద్రమ్మ కట్ట విప్పింది. ఒక సంచి తీసి, లోపలి నుంచి బయటికి తిప్పి, రెండు మూలలూ పట్టుకుని కుడితి తొట్టి మీద దబదబా దులిపింది. మూలల్లో ఇరుక్కున్న కోళ్ల మేత పొడి పొడిగా తొట్టిలో పడింది. ఆమె చెయ్యి ఎంత అలవాటుగా ఆడిందంటే, ఆ పని చేస్తున్నానని ఆమెకే తెలియదు.

"అది ఆపండీ!" అని ఎంత గట్టిగా అరిచానంటే బర్రె బెదిరింది. అది వెనక్కి జరిగి కాలు విసిరింది, తొట్టి ఒరిగింది, కుడితి మొత్తం నా మీదికి వచ్చింది. తలలోంచి గంజి, చీర మీద తవుడు. నోట్లోకి ఏం పోయిందో ఇప్పటికీ ఆలోచించను.

అందరూ పరుగెత్తుకొచ్చారు. చంద్రమ్మ నా తల తుడుస్తూ, "అయ్యో బిడ్డా, ఎంత పనాయె! తొట్ల ఉన్నదంత పారవోయె. ఏం గాదు, నీ చీర పిండి సీసల పోసుకో" అంది.

ఆమె ఓదార్పుగా అన్నది. నేను నిజంగానే పిండి సీసాలో పోసుకున్నాను. పొడి పడని కుడితి కంటే పొడి పడిన కుడితి మీదే ఇప్పుడు నాకు గురి. ఆ సీసా మీద "చీర నుంచి" అని రాశాను.

స్నానం చేసి, చంద్రమ్మ చీర కట్టుకుని వచ్చి కూర్చున్నాక అప్పుడు చెప్పాను. మా వైపు రొయ్యలకు మందులు పోసినట్టే, కోడిపిల్లల మేతలో జబ్బులు రాకుండా మందు కలుపుతారు. సంచి ఖాళీ అయినా మూలల్లో ఆ మేత మిగులుతుంది. అది తొట్టిలో పడితే బర్రె తాగుతుంది, బర్రెలోంచి పాలలోకి వచ్చే వీలుంది. ల్యాబులో చూసేదాకా ఇది అనుమానమే, కానీ నాకు గట్టి అనుమానం.

"మేత పారబోస్తమా మరి? అంతెంత పొడి పోగైతది సంచుల్ల..." అని మొదలుపెట్టి చంద్రమ్మ ఆగిపోయింది. "అందరు గిట్లనే దులుపుతరు" అంది. "నేనే చెప్పిన. మీటింగుల నిలవడి, సంచిల ఉన్నది దండుగ చెయ్యకున్రి, తొట్ల దులపున్రి అని నేనే చెప్పిన."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మేతను నేలపాలు చేయడం తప్పని నమ్మిన మనిషి, ఆ నమ్మకంతోనే ఊరి పాలు పాడుచేసుకుంది. దీనికి ఎవరిని తిట్టాలి? నేను ఏదో అనబోయేలోపే ఆమె లేచి, కొంగు దోపుకుని, వానలోనే గోడ చుట్టూ తిరిగి ఈరమ్మ వాకిట్లోకి వెళ్లింది. మేమంతా వెనకాలే వెళ్లాం.

"ఈరమ్మా, నీ సూది గాదే. నా సంచులు. నిన్ను ఉత్తగనే అనుమానించిన."

ఈరమ్మ చేతిలోని చాట కింద పెట్టి తీరిగ్గా చూసింది. "నువ్వు నన్ను అనుమానించినవా? నేనైతె నీ మొగడు పాలల్ల ఏదో కలుపుతుండనుకున్న. ఊరంత చెప్పిన గూడ."

మొగులయ్య తల మీద కోడి ముసుగుతో వానలో అలాగే నిలబడిపోయాడు. షుగరు, ఇప్పుడు ఇది. ఈరమ్మ లోపలికి పోయి మా అందరికీ పాలకోవా తెచ్చింది.

చిరాగ్‌పల్లి

మూడో రోజు యూసుఫ్ భాయ్ ఆటోలో నేను, చంద్రమ్మ బొంబాయి రోడ్డు మీది ఆ కోళ్ల ఫారానికి వెళ్లాం. అప్పుడే ఖాళీ అయిన సంచి ఒకటి, ఎవరూ ముట్టుకోనిది, నాకు కావాలి. రోడ్డు మీద లారీలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పరుగెడుతున్నాయి. యూసుఫ్ భాయ్ ప్రతి లారీకీ దారి ఇచ్చి, ప్రతిదాన్నీ తిట్టాడు.

ఫారం చూసుకునే అతను మొదట మొహం ముడుచుకున్నాడు. "మందు మేం ఊకె కలుపుతలేం మేడం. డాక్టర్ రాసిందే. పిల్లల మేతలనే ఉంటది, పెద్దగైనంక బంద్ చేస్తం. సంచులు గడ్డి కప్పెతందుకు అని కొంటరు, బర్రెల తొట్ల దులుపుతరని మాకేం ఎరుక?"

అతని మాటలో తప్పేం లేదు. నేను తప్పు పట్టడానికి రాలేదని, ఒక ఖాళీ సంచి చాలని చెప్పాను. దాంతో అతని మొహం విప్పారింది. ఉడికించిన గుడ్లు తెప్పించాడు, ఉప్పు కారం చల్లి ఇచ్చాడు. సంచి తీసి, "మేడంకు గిట్ల దుమ్ముది ఎట్లిస్త, జర ఆగున్రి" అని దాన్ని గోడకు కొట్టి దులపబోయాడు.

"దులపకు!" ముగ్గురం ఒకేసారి అరిచాం. అందరికంటే గట్టిగా అరిచింది చంద్రమ్మ.

సాయంత్రం యూసుఫ్ భాయ్ ఇంట్లో ఐసు పలకలు సర్దించుకున్నాను. షాహీన్ బీ నన్ను పక్కన కూర్చోబెట్టి, ఆమే పెట్టె సర్దింది. యూసుఫ్ భాయ్ వాళ్ల అమ్మ నా ఎదుటే గోలీ వేసుకుని, నోరు తెరిచి చూపించింది. ల్యాబు మేడం అంటే భయం మరి. బస్సు దగ్గర చంద్రమ్మ చెయ్యి పట్టుకుని, "ఉన్నదున్నట్టే చెప్పు బిడ్డా. మంచిగ లేకున్నా చెప్పు" అంది.

మళ్లీ భీమవరం

ల్యాబులో పెట్టె తెరిచిన కుర్రవాడు అన్నీ వరసగా పెట్టి, చివర ఒక పొట్లం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "మేడం, దీనిమీద ఏమీ రాసిలేదు. మాంసంలా ఉంది. ఏ పరీక్ష చేయమంటారు?" షాహీన్ బీ నాకని పెట్టిన ఖీమా. దానికి పరీక్ష మధ్యాహ్నం భోజనంలో జరిగింది, ల్యాబు మొత్తం పాల్గొంది.

ఫలితాలు వచ్చాయి. సంచి మూలల్లోని పొడిలో మందు పుష్కలంగా ఉంది. కడగని తొట్టిలోంచి పట్టిన కుడితిలో ఉంది, "చీర నుంచి" సీసాలో మరీ ఎక్కువ ఉంది. పెంటలో కొద్దిగా జాడ ఉంది. కొట్లో కొన్న దాణాలో లేదు, బోరు నీళ్లలో లేదు, చేలో లేదు. అంత ప్రేమగా ఇచ్చారని కుంకుమ బొట్ల స్టీలు డబ్బాల్లోవి కూడా తెచ్చి పరీక్ష చేశాను. అంత శుభ్రమైన సాంపిల్ మా ల్యాబుకు ఇప్పటిదాకా రాలేదు.

చంద్రమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టే చెప్పాను. సంచులు దులపడం అప్పటికే మానేశారట. దాణాకు డ్రమ్ములు కొనలేక, ఇంటికో మట్టి గాబు పెట్టుకున్నారట. ఆ తర్వాత కొన్నాళ్లు ఫోన్ మోగితే చాలు చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని. కంపెనీ చివరిసారి పాలు తీసుకెళ్లి పరీక్షించే రోజులవి.

ఒక ఆదివారం పొద్దున వసారాలో కూర్చుని ఉండగా ఆమె గొంతు వినబడింది. ఫోన్ అవసరం లేకుండానే వినబడేదేమో.

"ఇయ్యాల పాలు తీస్కపోయిన్రు బిడ్డా! మంచిగున్నయట! ఈరమ్మ క్యాను ముందుగాల పోసిన, నాది ఎన్క పోసిన. ఊరంత నీ పేరే."

నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. అవతల ఆమె, పక్కన ఈరమ్మ కూడా అదే పనిలో ఉన్నట్టు వినబడింది. అందరం ముక్కులు తుడుచుకున్నాక ఆమె మామూలుగా అడిగింది.

"అవునుగని బిడ్డా, మీ తాన రొయ్యలకు గూడ మందులు పోస్తరంటివి గద. ఆ ఖాళీ డబ్బలు, డ్రమ్ములు మీరేం జేస్తరు?"

"మేమా? మేం వాటిని..." అని మొదలుపెట్టాను.

నా ఎదురుగా వసారాలో మా నీలం డ్రమ్ము ఉంది. చెరువుల దగ్గర మందులు ఖాళీ అయ్యాక అగ్గువకు అమ్ముతుంటే మా మామయ్య కొని తెచ్చిన డ్రమ్ము. గట్టిది, మూత బిగుతైనది, ఎన్నేళ్లయినా చెక్కు చెదరనిది. మా ఇంటిల్లిపాదీ తాగే నీళ్లు అందులోనే. జహీరాబాద్ హోటల్లో గ్లాసు పక్కకు జరిపి నేను గొప్పగా తాగిన నీళ్లూ అందులోవే.

"బిడ్డా? ఉన్నవా?" అంటోంది చంద్రమ్మ.

మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. లోపలికి వెళ్లి నా సంచిలోంచి ఖాళీ సీసా తెచ్చి, మూత తీసి, డ్రమ్ము కుళాయి కింద పట్టాను.

"ఏమిటే అది?" అని వంటింట్లోంచి అత్తయ్య వచ్చారు.

"ఈ నీళ్లు కొంచెం ల్యాబుకు తీసుకెళ్తాను అత్తయ్యా. పరీక్షకు."

అత్తయ్య నా చేతిలోని సీసా లాక్కున్నారు.

"అయ్యో, అంతమంది చూసేదానికి అలాగే పట్టుకుపోతావా? ఆగు. డ్రమ్ము శుభ్రంగా కడిగి, కొత్త నీళ్లు పట్టి ఇస్తాను."